ముందుగాల ఏది పట్టాలె, కర్రనా కత్తినా?

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు 27 ఏండ్లు, కాజీపేటల ఉంటం, హన్మకొండల ఒక ల్యాబ్‌ల పని చేస్త. స్కూల్ల ఉన్నప్పుడు కరాటే ఎల్లో బెల్ట్ దాక పోయి ఆపేసిన. ఇప్పుడు ఆయుధం పట్టుకొని చేసే విద్య ఏదన్న నేర్చుకోవాలనుంది. యూట్యూబ్‌ల తమిళోళ్ల కర్ర విద్య సిలంబం, కేరళ కలరి, పంజాబ్ గట్కా, ఫెన్సింగ్, ఫిలిప్పీన్స్ కాళీ, జపానోళ్ల కత్తి కటానా అన్నీ చూసి దిమాక్ ఖరాబైంది. కటానా ఒకటి ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెట్టబోతే మా నాయిన ఆపిండు. నాకేది సెట్ అయితది?
– ఒక సోదరి, కాజీపేట

జవాబు: చెల్లె, మీ నాయిన ఆపి మంచిపని చేసిండు. షోకుకు గోడకు తగిలిచ్చే కత్తులల్ల చానా వాటికి రేకు పిడి లోపలికి ఇంతే ఇంత పోతది, గట్టిగ ఊపినవనుకో పిడి నీ చేతులనే ఉంటది రేకు ఎగిరిపోయి ఎవరికి తగుల్తదో తెల్వది. పదునున్న కత్తులు, బల్లేలు 1959 ఆయుధాల చట్టం కిందికి గూడ వస్తయి, సంచిల ఏసుకొని బస్సెక్కి క్లాసుకు పోయే వస్తువులు కావవి.

ఇగ అసలు ముచ్చట. నువ్వు రాసిన ఆరిట్ల ఏది గొప్పదని నేను చెప్ప, అన్నీ గొప్పయే. నువ్వు చూడాల్సింది ఒక్కటే, నేర్చుకునుడు మొదలువెట్టినంక ఎన్ని రోజులకు నీ ఎదురుంగ ఇంకో మనిషి కర్ర పట్టుకొని నిలబడ్తడు? కలరిల ముందు మెయ్‌తారి, అంటే వట్టి ఒళ్లు వంచుడే, అది నెలల తరబడి నడుస్తది, తర్వాత కోల్‌తారిల కట్టెలు, ఆ తర్వాత అంకతారిల కత్తి, డాలు, బెల్టు లెక్క వంగే ఉరుమి కత్తి, వట్టి చేతుల విద్య అన్నిటికంటే చివర్ల. ఫిలిప్పీన్స్ కాళీ దీనికి ఉల్టా, మొదటి రోజే చేతుల రెండడుగులకు జర ఎక్కువుండే బెత్తం కర్ర పెట్టి జోడీల నిలబెడ్తరు, అదే చేతి కదలికను తర్వాత చాకుకు, వట్టి చేతికి మలుపుకుంటరు. నీకు ఓపిక ఉండి ఒళ్లు బాగ వంగాలనుంటే కలరి, తొందరగ ఎదుటి మనిషితోని చెయ్యాలనుంటే కాళీ. కటానా మీద మనసుంటే జపానోళ్ల కత్తి ఆట కెండో ఉంది, దానికి షినాయి అనే వెదురు బద్దల కత్తి, మీద తొడుక్కునే కవచం అన్నీ కావాలె, ఖర్చుంటది, నేర్పేటోళ్లు దగ్గర్ల ఉంటేనే దాని ఆలోచన చెయ్యి.

నన్నడిగితే మాత్రం నువ్వు కర్రసాముతోని మొదలువెట్టు. రెండు చేతులు సమానంగ పనిజేస్తయి, తప్పు జేస్తే వెంటనే మోచేతికో మోకాలికో తగిలి తెలుస్తది, ఖర్చు తక్కువ, పైంగ మన దిక్కు పీర్ల పండుగకు, దసరాకు కర్ర తిప్పుడు చూసుకుంట పెరిగినోళ్లం కదా, నేర్పే ముసలోళ్లు ఇంకా ఊర్లల్ల ఉన్నరు.

నాకు నేర్పిన పెద్దమనిషి మొదటి పదిహేను రోజులు కర్రే ఇయ్యలే, మట్టిల కట్టెతోని ఒక గీత గీసి దానిమీద అడుగులు ఏపిచ్చేది. ఒకరోజు నన్ను ఎదురుంగ నిలబెట్టి తన కర్ర కొసను నా అంగీ గుండీకి ఆనిచ్చిండు, "బిడ్డా, ఇగ అర అడుగు ఎనుకకు పో" అన్నడు, పోయిన, కండ్లు మూస్కోవద్దన్నడు, తర్వాత పూర్తి జోరుతోని కర్ర తిప్పిండు. గాలి బుయ్యిమని మొఖానికి కొట్టింది, కర్ర తగల్లే. దూరమంటే ఏందో నాకు ఆ రోజు ఎరుకైంది, ఇప్పటికి ఇరవై ఏండ్లైనా ఆ గాలి యాదికుంది. ఒక్కదానివే అద్దం ముంగట ఎంత మంచిగ తిప్పినా ఇది రాదు, అందుకే ఎదుటి మనిషి సంగతి అంతగనం చెప్తున్న.

కర్ర కొనేటప్పుడు నిలబెడితే నీ నుదురు దాక రావాలె, చేతుల పడితే బొటనవేలు చూపుడువేలు ఒకదానికొకటి అందాలె. మేదరోళ్ల దగ్గర గట్టి కంక కట్టె అడుగు, బోలుది వద్దు, కణుపులు నున్నగ చెక్కియ్యమని చెప్పు. రోజూ తిప్పే ముందు పాత బట్టతోని కొస నుంచి కొస దాక తుడువు, ఎక్కడన్న దారం పట్టుకుందంటే ఆడ పేడు లేసినట్టు, ఆ రోజు దాన్ని పక్కకు పెట్టు. నెలకోసారి నూనె రాయి.

గురువును ఎతుక్కునుడు కర్ర ఎతుక్కున్నంత అల్కగ కాదు. ఒక వారం పొద్దుగాల ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ దిక్కు, జేఎన్ఎస్ స్టేడియం దిక్కు తిరుగు, ఎవలన్న నేర్పుతున్నరా అడుగు, ఉంటే దూరం నుంచే చూడు. పిల్లలను రెండు కర్రల దూరం ఇడిసి నిలబెడ్తున్నడా, దెబ్బ తగిలితే ఆపి చూస్తున్నడా లేకుంటే "ఏంగాదు" అని నడిపిస్తున్నడా? మొదటి వారమే చేతుల కత్తో నంచాకో పెట్టేటాయన దగ్గరికి పోకు. మూడు నాలుగు నెలలైనా జోడీల నిలబెట్టకపోతే ఎందుకని అడుగు, అడిగితే కోపం చేసేటోని దగ్గర ఉండకు.

ప్రశ్న: మా బాబుకు పదేండ్లు, ఫెన్సింగ్ అంటున్నడు. కండ్లకు ఏమన్న అయితదేమో అని భయం, ఇది మన దగ్గర పనికొస్తదా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: అన్నా, ఫెన్సింగ్‌ల కత్తికి పదునుండదు, కొస మొద్దుగ ఉంటది, మొఖానికి జాలీ మాస్క్, ఒంటికి మందం జాకెట్ ఏసుకోకుండ ఎదురుంగ నిలబడనియ్యరు, పిల్లలకు చిన్న సైజు కత్తులు వేరే ఉంటయి. ఫాయిల్, సేబర్, ఎపే అని మూడు రకాల కత్తులుంటయి, ఫాయిల్ల మొండెం మీద తాకితేనే పాయింట్, సేబర్ల మణికట్టు కింది చేతులు ఇడిసి నడుం పైన ఎక్కడన్న, ఎపేల అరికాలు నుంచి తల దాక. పనికొస్తదా అంటే, చెన్నై పిల్ల భవానీ దేవి 2004ల స్కూల్ల మొదలువెట్టి, కత్తులు ఖరీదని వెదురు కట్టెలతోని ప్రాక్టీస్ చేసి, 2021ల టోక్యో ఒలింపిక్స్‌కు పోయింది. మన దేశం నుంచి ఫెన్సింగ్‌కు అర్హత సంపాయించిన మొదటి మనిషి ఆమెనే, మొదటి మ్యాచ్ 15–3తోని గెలిచింది. మీరు కిట్ ఇప్పుడే కొనకున్రి, ఆరు నెలలు క్లబ్బోళ్ల కిట్ తోనే ఆడనియ్యిన్రి, ఇయ్యరంటే అప్పుడు ఆలోచిద్దాం. అది కుదరకపోతే గట్కా, కలరి, మణిపూరోళ్ల కత్తి-బల్లెం విద్య తాంగ్-తా గూడ 2022ల హర్యానా పంచకులల ఖేలో ఇండియా పోటీలల్ల ఆడిచ్చిన్రు, ఆ తొవ్వ గూడ ఉన్నది.

ప్రశ్న: 46 ఏండ్లు, మోకాళ్ల నొప్పి. నేను చెయ్యొచ్చా?
– నర్సంపేట

జవాబు: ముందు డాక్టర్‌కు చూపియ్యిన్రి. ఆయన సరేనంటే కలరి లెక్క లోతుగ కూసునేటివి వద్దు, నిలబడి కర్ర తిప్పుడు మాత్రం చేసుకోవచ్చు. పొద్దున పది నిమిషాలు, ఎనిమిది అంకె తిరిగినట్టు ముందు కుడి దిక్కు, తర్వాత ఎడమ దిక్కు, మెల్లగ. తెల్లారి మోకాలు ఉబ్బితే మళ్ల డాక్టర్‌కు చూపిచ్చేదాక ఆపున్రి.