పోలండ్ సీటుతో జర్మనీలో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మాకు కమీషన్ కొట్టు ఉంది. అబ్బాయి మెకానికల్ బీటెక్ పూర్తి చేశాడు. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు పోలండ్‌లో ఎంఎస్ సీటు ఇప్పిస్తామంటున్నారు. పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కాబట్టి చదువయ్యాక జర్మనీలోనైనా పని చేసుకోవచ్చట. నిజమేనా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: సరుకు సంగతిలో నిజం, మనిషి సంగతిలో కాదండీ. మీ మిర్చి పోలండ్‌లోని గదాన్‌స్క్ రేవులో దిగి, తనిఖీలు దాటి సుంకం కట్టిందంటే, ఆపైన బెర్లిన్ పంపినా మళ్లీ సుంకం ఉండదు. యూనియన్ అంతటికీ కస్టమ్స్ హద్దు ఒకటే. ఎక్కడైనా పని చేసే హక్కు మాత్రం సభ్యదేశాల పౌరులది. వాళ్లకైనా వెంటనే దక్కలేదు. పోలండ్ 2004 మే 1న చేరితే, పోలండ్ వాళ్లు జర్మనీలో పర్మిట్ లేకుండా పని చేయగలిగింది 2011 మే 1 నుంచి. ఏడేళ్లు ఆగారు! మీవాడికి పోలండ్ ఇచ్చే విద్యార్థి నివాస కార్డుతో మిగతా షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే ఒప్పందం చేసుకున్న యూరప్ దేశాలు) 180 రోజుల్లో 90 రోజులు తిరిగి రావచ్చు, అంతే.

అలాగని పోలండ్ దండగ అనను. కొత్తగా చేరిన దేశాల్లో జీతాలు తక్కువ, జర్మనీకి అమ్మితే సుంకం లేదు. అందుకే కార్ల కంపెనీలు అటు నడిచాయి. మన పెనుకొండలో ఉన్న కియాయే, అలా కొత్తగా చేరిన స్లొవేకియాలోని జిలినాలో 2006లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇంకోవైపు పోలండ్ కుర్రాళ్లు బ్రిటన్, ఐర్లండ్ వెళ్లిపోవడంతో పోలండ్‌లో మనుషుల కొరత వచ్చింది. ఆ కొరత గోదాముల్లో, డెలివరీ పనుల్లో కూడా ఉంది. కాబట్టి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే 'ఉద్యోగం' ఏదో విడమరిచి అడగండి.

పోలండే అనుకుంటే, పోలండ్‌లోనే స్థిరపడే లెక్కతో వెళ్లాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 9 నెలలు ఇస్తారు. ప్లాంటులో మాటలన్నీ పోలిష్‌లోనే కనుక మొదటి సెమిస్టర్ నుంచే ఆ భాష నేర్చుకోవాలి. లేకపోతే ఆ 9 నెలలు ఇట్టే కరిగిపోతాయి. జీతం వచ్చేది యూరోల్లో కాదు, పోలండ్ సొంత కరెన్సీ జ్లోటీల్లో. లోను వాయిదా ఆ లెక్కన చూసుకోండి. డిగ్రీకి తగ్గ ఉద్యోగం, నిర్ణీత జీతం ఉంటే బ్లూ కార్డు (నైపుణ్యం ఉన్న విదేశీయులకు యూనియన్ దేశాలిచ్చే ఉద్యోగ, నివాస అనుమతి) వస్తుంది. 12 నెలల తర్వాత దానితో జర్మనీకి మారడం తేలిక. అప్పుడైనా జర్మనీలో మళ్లీ దరఖాస్తు పెట్టాల్సిందే.

అసలు గురి జర్మనీయే అయితే ఈ చుట్టుదారి ఎందుకు? నేరుగా అక్కడే చదివితే ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు దొరుకుతాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీ పత్రాలు అసలైనవేనని జర్మనీ తరఫున తనిఖీ చేసి ఇచ్చేది) కావాలి. బ్లాక్డ్ ఖాతాలో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగల ఖాతా) ఏడాది ఖర్చు చూపాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టే ముందు ఈ మొత్తాన్ని పోలండ్ ఫీజు పక్కన వేసి చూడండి.