స్పైరియా గుబురుగా పెరుగుతోంది గానీ పూయడం లేదా? కోసే సమయం చూడండి

తెల్లపూల స్పైరియా పూలపొదను ఏటా చలికాలం చివర్లో చుట్టూ సమంగా కత్తిరిస్తున్నామని, ఆకు దండిగా వస్తున్నా పువ్వులు అరాకొరాగానే ఉంటున్నాయని రాశారు. ఎరువు పెంచాలా అని అడిగారు. ఇది ఎరువు లోపం కాదండీ. మీరు కోసి పారేస్తున్న కొమ్మల్లోనే ఆ ఏటి పూమొగ్గలు ఉంటున్నాయి.

స్పైరియాల్లో వాన్‌హౌటై, థన్‌బెర్గై లాంటివి వసంతంలో తెల్లగా పూస్తాయి. వీటికి మొగ్గ కట్టేది కిందటేడు పెరిగిన కొమ్మల మీద. వేసవిలో పూసే జపానికా రకాలు (గోల్డ్‌ఫ్లేమ్, ఆంథొనీ వాటరర్, లిటిల్ ప్రిన్సెస్) ఆ ఏడు లేచిన కొత్త కొమ్మల కొసన పూస్తాయి. రకం పేరు తెలియకపోయినా పూగుత్తి ఎక్కడుందో చూస్తే చాలు. వంగిన పాత కొమ్మ పొడవునా చిన్న చిన్న తెల్ల గుత్తులుంటే మొదటి రకం. నిటారుగా లేచిన కొత్త కొమ్మ చివర వెడల్పాటి, పైన చదునుగా ఉండే గుత్తి ఉంటే జపానికా.

మీది మొదటి రకమే. పూలు రాలిన రెండు మూడు వారాల్లోపు కోసెయ్యండి. ఆలస్యమైతే కొత్త కొమ్మ ఎదిగి మొగ్గ కట్టడానికి వ్యవధి చాలదు. చుట్టూ కత్తెర ఆడించొద్దు. పైపైన కత్తిరించే కొద్దీ అంచున సన్న పుల్లలు చిక్కుపడి, లోపలికి వెలుతురు పోక నడుమంతా బోడిగా తయారవుతుంది. పొద లోపలికి చెయ్యి పెట్టి, లావెక్కి బెరడు బూడిదరంగుకు తిరిగిన ముదురు కొమ్మల్ని వెతకండి. మొత్తం కొమ్మల్లో మూడో వంతుకు మించకుండా వాటిని నేలమట్టానికి కోయండి. పొడవాటి మోళ్లు వదలొద్దు, వాటి కొసల నుంచి మళ్లీ అవే పుల్లలు గుంపుగా పుట్టుకొస్తాయి. మిగతా కొమ్మల జోలికి పోనక్కర్లేదు, ఆ వంపులోనే ఈ మొక్క అందమంతా ఉంది. ఏటా ఇలా చేస్తే మూడేళ్లలో పొద మొత్తం కొత్తదవుతుంది.

జపానికా రకాలైతే మీరు ఇప్పుడు కోస్తున్న సమయమే సరైనది. చిగురు విచ్చకముందే నేల నుంచి 10-15 సెంటీమీటర్లు ఉంచి అన్నీ కోసెయ్యొచ్చు. వాడిన గుత్తులు తీసేస్తే ఇంకో విడత కొద్దిగా పూస్తాయి. గోల్డ్‌ఫ్లేమ్‌లో పూర్తి పచ్చ ఆకులతో కొమ్మ వస్తే మొదలంటా తీసెయ్యండి. అది మిగతావాటికంటే జోరుగా పెరిగి బంగారు రంగు కొమ్మల్ని కమ్మేస్తుంది.

ఎరువు సంగతికొస్తే, నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. వసంతంలో చివికిన కంపోస్టు పలచగా పరిస్తే సరిపోతుంది. ఎండ మాత్రం రోజుకు ఆరు గంటలైనా తగలాలి. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగానే ఉంటే నేలలో సున్నం ఎక్కువై ఇనుము అందడం లేదని అనుమానించాలి. దానికి చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉన్న ఇనుము) వెయ్యండి. చిగుళ్లకు పేనుబంక పడితే ముందు నీళ్లు గట్టిగా చిమ్మి చూడండి.

ఈసారి ఇప్పటికే కోసేసి ఉంటే ఈ వసంతంలో పూలు పెద్దగా రావు. వసంతం చివర ముదురు కొమ్మల్ని పైన చెప్పినట్టు తీసేసి, వచ్చే చలికాలంలో ఎండినవి, విరిగినవి తప్ప ఇంకేమీ కోయకండి.