ముందు పోటుపాట్ల పట్టిక చూడండి

నాలుగు రోజుల సముద్రతీర విహారంలో పక్షులు, జలచరాలు, కయాకింగ్, దర్శనీయ స్థలాలు అన్నీ కుదురుతాయా, వాటిని ఏ వరుసలో పెట్టుకోవాలి అని మీరు అడిగారు. అన్నీ కుదురుతాయి, కానీ ఆ వరుసను పోటుపాట్లే, అంటే సముద్రపు నీరు పెరగడం (పోటు), తీయడమే (పాటు) నిర్ణయిస్తాయి కనుక, గది బుక్ చేసుకోకముందే ఆ తీరానికి సంబంధించిన పోటుపాట్ల వేళల పట్టిక చూసుకోండి.

ఈ సంగతి తెలియక నేను మొదటిసారి, నీరు తీసినప్పుడు తీరపు రాళ్ల మధ్య మిగిలే రాతి మడుగుల దగ్గరికి ఉదయం పదకొండింటికి వెళ్లి, అలలు తప్ప ఏమీ చూడలేక తిరిగి వచ్చాను. మర్నాడు తెల్లవారి ఆరింటికి నీరు పూర్తిగా తీశాక అక్కడే ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలు, నక్షత్రచేపలు, ముట్టుకుంటే ముడుచుకుపోయే, పువ్వుల్లాంటి జలచరాలైన సీ అనిమోన్లు కనిపించాయి. రెండు గంటలు ఒకే మడుగు పక్కన కూర్చుండిపోయాను. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది కాబట్టి, నీరు తీసే సమయం కూడా రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు అన్నిటికంటే ఎక్కువగా తీస్తుంది. మడుగులు చూడటానికి అవే మంచి రోజులు.

కయాక్‌కు మాత్రం నీరు తక్కువగా పెరిగి తక్కువగా తీసే అష్టమి దగ్గరి రోజులు ఎంచుకోండి. పౌర్ణమి మర్నాడు మడ అడవుల పాయలోకి వెళ్లిన మేము, నీరు తీయడం మొదలైందని గమనించక బురదలో చిక్కుకుని, మళ్లీ పోటు వచ్చేదాకా కదలలేకపోయాము. లైఫ్ జాకెట్, తాగునీరు ఉండబట్టి సరిపోయింది.

పక్షుల కోసం పోటుకు రెండు గంటల ముందే చేరుకుని ఒకచోట కదలకుండా కూర్చోండి. బురద మేటల మీద దూరంగా మేస్తున్న గుంపులను పెరిగే నీరే మీ వైపు తెస్తుంది. దయచేసి ఫోటో కోసం వాటిని ఎగరగొట్టకండి. 2022లో బార్ టెయిల్డ్ గాడ్విట్ అనే వలస పక్షి ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో ఎగిరింది. అంతటి ప్రయాణానికి కావలసిన కొవ్వును అవి ఇలాంటి మేటల మీదే కూడబెట్టుకుంటాయి.

కొండమీది దీపస్తంభం వంటివి ఏ వేళకైనా సరిపోతాయి. సముద్రపు గుహలకు మాత్రం నీరు తీస్తున్నప్పుడే వెళ్లి, అది మళ్లీ పెరగడం మొదలవకముందే బయటికి రండి.