దేవుడి మాట వచ్చినప్పుడు థెరపిస్టు చేయాల్సింది

అమ్మాయీ,

సొంతంగా ప్రాక్టీసు మొదలుపెడుతున్నావు కాబట్టి, చదువులో పైపైన చెప్పి వదిలేసే ఒక సంగతి రాస్తున్నాను. క్లయింట్ నోట దేవుడి మాట రాగానే కొందరు థెరపిస్టులు వినీ విననట్టు మాట మార్చేస్తారు, మరికొందరు తామే ఉపదేశం మొదలుపెడతారు. రెండూ చెరుపే. ఆ నమ్మకం నిజమా కాదా అని తేల్చడం నీ పని కాదు. అది ఆ మనిషిని నిలబెడుతోందా, నలిపేస్తోందా అన్నదే నువ్వు చూడాలి.

అడగడం నువ్వే మొదలుపెట్టు. లేకపోతే ఇక్కడ ఇలాంటివి మాట్లాడకూడదేమో అనుకుని వాళ్ళే మింగేస్తారు. మొదటి రెండు సెషన్లలో నిద్ర, కుటుంబం, ఉద్యోగం గురించి అడిగే వరసలోనే ఇదీ అడిగెయ్. "మీది ఏ మతం?" అన్న ప్రశ్న ఫారం నింపడానికి తప్ప దేనికీ పనికిరాదు. "కష్టమొచ్చినప్పుడు దేన్ని పట్టుకుని నిలబడతారు?" అని అడుగు. తర్వాత, "దేవుడు, ప్రార్థన, ధ్యానం లాంటివాటికి మీ జీవితంలో చోటుందా? ఒకప్పుడుండి ఇప్పుడు లేకుండా పోయిందా?" ఈ రెండో సగం మరిచిపోకు, నమ్మకం పోయినవాళ్ళ దుఃఖం అక్కడే బయటపడుతుంది. చివరగా, "ఈ సంగతులు ఇక్కడ మాట్లాడటం మీకు ఇష్టమేనా?" వద్దంటే వదిలెయ్.

క్లయింట్‌దీ నీ మతమే అయితే ఇంకాస్త జాగ్రత్త. "మీకు తెలుసు కదండీ" అంటారు, నువ్వు తలూపుతావు, అడగాల్సింది కాస్తా అక్కడ జారిపోతుంది. తెలిసినా సరే, "మీ మాటల్లో చెప్పండి" అను.

మత విశ్వాసం మనసుని ఎలా ప్రభావితం చేస్తుందో పరిశోధించిన సైకాలజిస్టు కెన్నెత్ పార్గమెంట్, ఆయన సహచరులు తయారుచేసిన బ్రీఫ్ ఆర్‌కోప్ అనే ప్రశ్నావళి చూడు. 14 వాక్యాలు. ఏడు నమ్మకం ఇచ్చే ఆసరా గురించి, మిగతా ఏడు నమ్మకంతో పడే పెనుగులాట గురించి: దేవుడు వదిలేశాడు, శిక్షిస్తున్నాడు, తోటి భక్తులూ దూరమయ్యారు, ఇలాంటివి. లెక్క కట్టకపోయినా, ఈ రెండో రకం మాట వినిపిస్తే క్లయింట్ వాడిన పదాలతోనే నోట్సులో రాసుకో.

బిడ్డని పోగొట్టుకున్న తల్లి "ఇది నా పాపానికి శిక్ష" అందనుకో. "దేవుడు అలాంటివాడు కాదమ్మా" అన్న మాట నీ నాలుక చివరిదాకా వస్తుంది. ఆపుకో. అది ఓదార్పులా వినిపించే వాదన, ఆమె నోరు మూయించేస్తుంది. "ఏ పాపమని అనిపిస్తోంది?" అని అడిగి చూడు. ఎన్నో ఏళ్ళ కిందటి సంగతి ఏదో రావచ్చు, అసలు అపరాధ భావం దాని చుట్టూ ఉండొచ్చు. ఆమె దేవుడి మీద కోపంగా ఉంటే, ఆ కోపాన్ని ఆయనకే ఒక ఉత్తరంగా రాయమను. దేవుణ్ణి నిలదీసిన భక్తులు ఆమె సంప్రదాయంలోనే ఉండొచ్చు, వాళ్ళ మాట ఆమె నోటినుంచే రానివ్వు.

అందరూ తడబడేది మతపరమైన ఓసీడీ దగ్గర, అంటే పాపం చేశానేమోనన్న అనుమానం వదలక, అది పోవడానికి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు దగ్గర. "ఆ ఆలోచన వచ్చింది, అది పాపమేనంటారా?" అని అడుగుతారు. కాదంటే పది నిమిషాలు నెమ్మదిస్తారు, మళ్ళీ అదే ప్రశ్న. భరోసా కోరడమే అక్కడ జబ్బులో భాగం, నువ్వు జవాబిచ్చిన ప్రతిసారీ దానికి మేత వేసినట్టే. ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని మెల్లమెల్లగా ఎదుర్కోనిచ్చే చికిత్స) మొదలుపెట్టేముందు భయాలన్నిటికీ సున్నా నుంచి వంద దాకా అంకెలు వేయించు, మధ్యస్థంగా ఉన్నవాటితో మొదలుపెట్టు. ధ్యాస చెదిరిందని ప్రార్థన ఇరవైసార్లు చదివే మనిషి ఒక్కసారే చదివి, చెదిరినా సరే లేచి వెళ్ళాలి. ఆ అనుమానాన్ని అలాగే భరించాలి. ఆ మతం నిజంగా నిషేధించిన పని మాత్రం చేయించకు. అదే మతంలో మామూలు భక్తుడు ఎంత చేస్తాడో అంతవరకు రావడమే గురి. ఎంతన్నది నీకు తెలియకపోతే, క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాక వాళ్ళ మతపెద్దని కలిసి హద్దు ఒక్కసారి చెప్పించు. ఆ తర్వాత క్లయింట్ పదేపదే వచ్చి అడిగినా జవాబివ్వొద్దని ఆ పెద్దకి అప్పుడే చెప్పు. ఈ ఒక్క మాట మరిచిపోతే నెలల పని మళ్ళీ మొదటికొస్తుంది.

దేవుడి గొంతు వినిపించిందన్న మాటతోనే సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక స్థితి) అని రాసెయ్యకు. మతపరమైన, ఆధ్యాత్మికమైన సమస్యని మానసిక రుగ్మత కాని అంశంగా డీఎస్‌ఎం (మానసిక రుగ్మతలు గుర్తించడానికి వాడే అమెరికన్ గ్రంథం) 1994లోనే చేర్చింది. తోటి భక్తులకి ఇది మామూలేనా, వింతగా ఉందా? నిద్ర, మాట, రోజువారీ పనులు చెడ్డాయా? ఆ గొంతు ఏదైనా చేయమంటోందా? ఈ చివరిది మొహమాటం లేకుండా అడుగు. తనకిగానీ ఇతరులకిగానీ హాని చేయమంటోందంటే ఆ రోజే సైకియాట్రిస్టు చూడాలి. ఉపవాసాల గురించీ ముందే అడిగి ఉంచుకో. బైపోలార్ రుగ్మతకి ఇచ్చే లిథియం వాడేవాళ్ళు నీళ్ళు మానేస్తే రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది, డాక్టరుతో ముందుగా మాట్లాడకుండా ఉపవాసం ఉండకూడదు.

"అంతా ఆయనే చూసుకుంటాడు, నేను అందర్నీ క్షమించేశాను" అని మరీ తొందరగా తేల్చేసేవాళ్ళూ వస్తారు. 1984లో జాన్ వెల్‌వుడ్ అనే సైకోథెరపిస్టు దీనికి స్పిరిచువల్ బైపాసింగ్ అని పేరు పెట్టాడు. నొప్పిని తాకకుండా దాటేసే దారి అది. అయినా ఆ ఆసరాని వెంటనే లాగెయ్యకు. ఇంట్లో హింస ఇంకా సాగుతుంటే మాత్రం క్షమ గురించిన చర్చ ఆపి, ముందు ఆ మనిషి భద్రత చూడు.

"మీరు దేవుణ్ణి నమ్ముతారా?" అని నిన్నూ అడుగుతారు. చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, అబద్ధం మాత్రం వద్దు. "నా జవాబు ఎలా ఉంటే మీకు మాట్లాడటం తేలికవుతుంది?" అని అడిగితే చాలాసార్లు అసలు భయం బయటపడుతుంది: నవ్వుతావేమోనని, లేదా తప్పుపడతావేమోనని. కలిసి ప్రార్థన చేద్దామని క్లయింట్ అడిగితే, వాళ్ళు చేసుకుంటుంటే నిశ్శబ్దంగా కూర్చో. నువ్వుగా ఎప్పుడూ మొదలుపెట్టకు. గదిలో ఏ మతం బొమ్మా పెట్టకు.

ఇంకొకటి. ఏదో ఒక రోజు క్లయింట్ మతపెద్ద నీకు ఫోన్ చేసి, "మావాడు ఎలా ఉన్నాడండీ?" అని ఆప్యాయంగా అడుగుతాడు. క్లయింట్ సంతకం చేసిన కాగితం నీ దగ్గర లేకపోతే, అతను నీ దగ్గరికి వస్తున్నాడని కూడా చెప్పకూడదు. తర్వాతి సెషన్‌లో ఆ ఫోన్ సంగతి క్లయింట్‌కి చెప్పు.