ఏసీ మెకానిక్‌కు పబ్లిక్ లయబిలిటీ పాలసీ కావాలా? కావాలి, కానీ చిరునామా గడి చూసుకోండి

మీరు కర్నూలులో ఇద్దరు కుర్రవాళ్లతో ఏసీలు బిగించి బాగుచేసే దుకాణం నడుపుతున్నానని రాశారు. ఒక అపార్ట్‌మెంట్ సంఘం పబ్లిక్ లయబిలిటీ పాలసీ (మన పని వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని కంపెనీ భరించేది) ఉంటేనే ఏడాది కాంట్రాక్టు ఇస్తామందట. ఏజెంటేమో 1991 చట్టం ప్రకారం అది తప్పనిసరి అని భయపెడుతున్నాడట. బ్యాంకు రుణం తీసుకున్నప్పుడు కట్టిన దుకాణం పాలసీ ఉంది, అది చాలదా అని అడిగారు. నేను అనంతపురంలో ఇరవై ఏళ్లుగా గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే వెల్డింగ్ దుకాణం నడుపుతున్నాను. ఇన్సూరెన్సు చదువు చదవలేదు, ఒకసారి చేతులు కాల్చుకున్నానంతే.

ముందు ఏజెంటు మాట తేల్చేద్దాం, అది తేలిక. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత వచ్చింది. ప్రభుత్వం గుర్తించిన ప్రమాదకర పదార్థాలను నిర్ణీత పరిమాణానికి మించి నిల్వ చేసే, వాడే సంస్థల కోసం పెట్టినది. గోడకు రెండు గ్యాస్ సిలిండర్లు ఆనించుకున్న మెకానిక్ కోసం కాదు. పేరు ఒకటే కావడంతో వచ్చిన గందరగోళం ఇది. మీకు కావలసింది మీ ఇష్టంతో తీసుకునే పాలసీ. బండికి థర్డ్ పార్టీ కడతాం కదా, పనికి అలాంటిదన్నమాట. బండికి కట్టకపోతే చట్టం ఊరుకోదు, దీనికి కట్టకపోతే అడిగేవారు లేరు. ఏజెంటు కావాలని అబద్ధం చెప్పాడనను. కానీ రెండింటినీ కలిపేసే మనిషి మీ పాలసీ కాగితం సరిగ్గా రాయిస్తాడని నాకు నమ్మకం లేదు.

ఇక దుకాణం పాలసీ సంగతి. ఇక్కడే నేను మునిగాను.

2019 జులై, ఆషాఢం. మా అనంతపురం గాలి సంగతి మీకూ తెలిసిందే, ఆ నెలలో రేకు చేత్తో పట్టుకుంటే మనిషినే లాక్కెళుతుంది. ఒక రెండంతస్తుల ఇంటిపైన షెడ్డు వేస్తున్నాం. మా కుర్రవాడు గ్రైండరుతో పైపులు కోస్తున్నాడు. పొద్దున తడి గోనెసంచులు అడ్డంగా కట్టాం. మధ్యాహ్నానికి అవి ఎండిపోయి గాలికి పక్కకు తొలగాయి, ఎవరూ చూసుకోలేదు. రవ్వలు గాలిలో తేలుతూ వెళ్లి పక్క మేడ మీది దర్జీ దుకాణం కిటికీలో పడ్డాయి. వేరే నెలలో అయితే నాలుగు గుడ్డపీలికలు కమిలి ఊరుకునేది. ఆషాఢంలో దర్జీ దుకాణమంటే శ్రావణం పెళ్లిళ్ల గిడ్డంగి. ఫాల్ కుట్టడానికి, కుచ్చులు వేయడానికి వచ్చిన చీరలు ఆ కిటికీ పక్కనే దొంతరగా ఉన్నాయి. పద్నాలుగు చీరలకు రంధ్రాలు పడ్డాయి. వాటిలో మూడు ధర్మవరం పట్టువి, పెళ్లికూతురివి. మిరియపు గింజంత రంధ్రం పడినా ఆ చీర పెళ్లిపీటల మీదికి పనికిరాదు.

దుకాణం నడిపే ఆమె అరవలేదు. "అన్నా, ఇవేవీ నావి కావు. వాళ్లకు నేను ఏం చెప్పాలి?" అంది. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

సాయంత్రం ఇంటి యజమాని, ఆ వీధి పెద్దమనిషి ఒకాయన, మేమిద్దరం కూర్చున్నాం. అరవై రెండు వేలకు తెగింది. "నా పనివారి అజాగ్రత్త వల్ల జరిగింది, ఈ మొత్తం ఇచ్చుకుంటాను" అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఇరవై వేలు అప్పుడే చేతిలో పెట్టాను. మా వైపు మర్యాదస్తుడు చేసే పని అదే.

మూడో రోజు మా ఆవిడ గుర్తు చేసింది, మనకు పాలసీ ఉంది కదా అని. బీరువాలోంచి తీసి చూస్తే నిజంగానే అగ్నిప్రమాదం, దొంగతనం తర్వాత కింద ఎక్కడో పబ్లిక్ లయబిలిటీ అనే భాగం కూడా ఉంది. సంతోషంగా బ్రాంచికి వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడి రెండు విషయాలు చూపించాడు. మొదటిది, ఆ భాగం పాలసీలో రాసిన చిరునామాలో, అంటే నా దుకాణంలో, జరిగిన ప్రమాదానికే వర్తిస్తుంది. దుకాణానికి వచ్చిన మనిషి మీద ఇనుప కమ్మీ పడితే సరే, నేను ఊళ్లో వేరే ఇంటి మేడ మీద చేసిన పనికి కాదు. రెండోది, ఒకవేళ వర్తించినా, కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకుని, పరిహారం తేల్చుకుని సంతకం పెట్టాక వాళ్లు చేయగలిగింది లేదు. ఆ షరతు కూడా అందులో అచ్చయి ఉంది. మిగిలిన నలభై రెండు వేలు మూడు నెలల్లో కట్టాను.

మీ ఏసీ పనిలో ఎనభై శాతం ఎక్కడ జరుగుతుంది? ఎదుటివాళ్ల ఇళ్లలో, మూడో అంతస్తు గోడ బయట, కింద నడిచే మనుషుల నెత్తి మీద. అవుట్‌డోర్ యూనిట్ స్టాండు ఊడి కింద నిలిపిన కారు మీద పడినా, దేవుడా, మనిషి మీద పడినా, దుకాణం పాలసీ మీకు ఒక్క రూపాయి ఇవ్వకపోవచ్చు. అందుకే అది చాలదు. విడిగా పబ్లిక్ లయబిలిటీ తీసుకుని, దుకాణం బయట, కస్టమర్ల స్థలాల్లో చేసే పనికి కూడా వర్తిస్తుందని అందులో స్పష్టంగా రాయించుకోవాలి. లేదా కమర్షియల్ జనరల్ లయబిలిటీ అనే పెద్ద పాలసీ అడగండి. దుకాణం, బయటి పని, పని ముగించి అప్పగించాక బయటపడే ప్రమాదం, ఇవన్నీ ఒకే గొడుగు కింద చూసే రకం అది. మామూలు పబ్లిక్ లయబిలిటీలో చివరిది సాధారణంగా ఉండదు. మీరు మార్చిలో బిగించిన యూనిట్ ఆగస్టులో ఊడిపడడం అంటే ఈ చివరిదే. కాబట్టి మీ వృత్తికి ఆ ప్రశ్న తప్పక అడగాలి.

ఇవ్వనివి కూడా తెలుసుకోండి. మీరు బాగుచేయడానికి దుకాణానికి తెచ్చుకున్న కస్టమర్ ఏసీ కాలిపోతే సాధారణంగా లయబిలిటీ కింద రాదు, ఎందుకంటే అది మీ చేతిలో ఉన్న వస్తువు. దానికి దుకాణం పాలసీలోనే ఇతరుల సరుకును కూడా చేర్పించాలి. బిగించిన పని బాగాలేదని మళ్లీ బిగిస్తే ఆ ఖర్చు మీదే. పోలీసు కేసై జరిమానా పడితే అదీ మీదే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది, దాన్ని ఏ కంపెనీ పంచుకోదు.

మీ కుర్రవాళ్ల గురించి మీరు అడగలేదు, నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది అదే. మీ దగ్గర పనిచేసేవారు ఈ పాలసీలో 'ఇతరులు' కారు. వారు నిచ్చెన మీదినుంచి పడితే దీనిలో ఏమీ రాదు. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లో ఉంది, దాని లెక్క చూడండి. నెలకు 15,000 జీతం, 25 ఏళ్ల వయసు ఉన్నవాడు పనిలో చనిపోతే జీతంలో సగాన్ని 216.91తో హెచ్చిస్తారు, 16 లక్షల 26 వేల పైచిలుకు వస్తుంది. తప్పు ఎవరిదన్న వాదనకు పెద్దగా చోటు లేదు, యజమాని ఇవ్వాల్సిందే. దీనికి వేరే పాలసీ ఉంది, మార్కెట్లో ఇప్పటికీ వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అనే అంటారు. డబ్బు ఒకదానికే సరిపోతే నేనైతే ముందు ఇదే కడతాను, అపార్ట్‌మెంట్ కాంట్రాక్టు పోయినా సరే.

మొత్తం ఎంతకు తీసుకోవాలంటే, పాలసీలో రెండు అంకెలుంటాయి: ఒక ప్రమాదానికి ఎంత, ఏడాదంతటికీ కలిపి ఎంత. ఐదు లక్షలు, పది లక్షలు అని రాస్తే ఒక్క ప్రమాదానికి ఐదే. ప్రతి క్లెయిములో మొదట మీరు భరించాల్సిన కొంత మొత్తం ఉంటుంది, దాన్ని ఎక్సెస్ అంటారు. అది ఎంతో అడగండి. నేను కట్టే ప్రీమియం ఇక్కడ రాయడం లేదు. అది పని రకాన్ని, టర్నోవరును బట్టి మారుతుంది, పైగా 18 శాతం జీఎస్టీ. మీకు పనికిరాని అంకె అది.

2022లో మా నిచ్చెన జారి పక్కింటి కారు అద్దం, బానెట్ దెబ్బతిన్నాయి. ఈసారి నోరు అదుపులో పెట్టుకున్నాను. "అన్నా, మీకు నష్టం రాకుండా చూస్తాను, కానీ ఇన్సూరెన్సు వారిని అడగకుండా కాగితం మీద ఏమీ రాయలేను, కోపం తెచ్చుకోవద్దు" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వస్తుంది కూడా, మన దగ్గర అలా మాట్లాడేవాణ్ణి తప్పించుకునేవాడనే అనుకుంటారు. నిచ్చెన తీయకముందే ఫోటోలు తీశాను, ఆ రోజే బ్రాంచికి ఉత్తరం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నాను. కారాయన నష్టం అడుగుతూ నాకు రాసిన కాగితం కూడా జతచేయాల్సి వచ్చింది. బాధితుడు అడగనిదే కంపెనీ దృష్టిలో క్లెయిమే లేదు. నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చి చూశాడు. ఎక్సెస్ పోను ఏడు వారాల్లో డబ్బు వచ్చింది. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం ఇదంతా తర్వాత, ముందు ఆసుపత్రి. తీసుకెళ్లడం తప్పు ఒప్పుకోవడం కాదు.

గడువు దాటనివ్వకండి. ఈ పాలసీలు చాలావరకు క్లెయిము వచ్చిన నాటికి బతికి ఉంటేనే పలుకుతాయి. మధ్యలో వారం ఖాళీ వచ్చినా పాత పనులకున్న రక్షణ తెగిపోవచ్చు. అన్యాయంగా నిరాకరించారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల దాటినా పలకకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, ఇన్సూరెన్సు తగాదాలు తేల్చే, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఖర్చు లేదు. సొంత దుకాణదారుల పాలసీలనూ వారు చూస్తారు, 50 లక్షల దాకా.

అపార్ట్‌మెంట్ వారిని ఎంత మొత్తానికి కావాలో, ఎవరి పేరు మీద కావాలో కాగితం మీద అడగండి. ఆ కాగితం పట్టుకుని బ్రాంచికి మీరే వెళ్లండి. పాలసీ చేతికొచ్చాక చిరునామా గడిలో మీ దుకాణం ఒక్కటే కనిపిస్తే వెంటనే తిప్పి ఇచ్చేసి సరిచేయించుకోండి.