గేటు మూసినప్పుడు: సిస్టరైన మా అమ్మాయికి ఉత్తరం

చిట్టితల్లీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ బడి పైకప్పు పనికిరాదని ఇంజనీర్లు తేల్చేశారట, రిపేరు అయ్యేదాకా గేటుకు తాళమేసి క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో జరుపుతారట, కొత్త హెడ్‌మిస్ట్రెస్‌గా ఆ భారమంతా నీ మీదే పడిందట. విన్నప్పుడు గర్వంగానే ఉంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నలుగురిలో ఉన్నప్పుడు నిన్ను సిస్టర్ అనే పిలుస్తాను, ఉత్తరంలో మాత్రం నా ఇష్టం.

నీ ప్లాన్ కూడా చదివాను. నీకు చెప్పకుండా మీ అమ్మే పంపింది, దాన్నేమీ అనకు. రాత బాగుంది, టేబుళ్లు బాగున్నాయి. కానీ ఉదయం అసెంబ్లీ నుంచి సాయంత్రం ఆఖరి బెల్లు దాకా పీరియడ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎత్తి స్క్రీన్ మీద పెట్టావేంటమ్మా? ఎనిమిదేళ్ల పిల్ల అంతసేపు ఫోన్ ముందు కూర్చుంటుందా? నువ్వైతే ఆ వయసులో కుర్చీలో ఐదు నిమిషాలు కుదురుగా ఉన్న పాపాన పోలేదు.

అందరూ చెప్పేవి గబగబా చెప్పేస్తాను. లైవ్ క్లాసులు తగ్గించు, చిన్నవాళ్లకు రోజుకు ఒకటి రెండు చాలు. మిగతాది ఆడియోలో చెప్పి పంపండి, వీడియో కంటే డేటా చాలా తక్కువ తింటుంది. ఉచితంగా వాడే జూమ్ 40 నిమిషాలకు కట్ అవుతుంది, పాఠం అంతలోపే ముగించండి. వెయిటింగ్ రూమ్ పెట్టండి, స్క్రీన్ షేరింగ్ టీచర్ చేతిలోనే ఉంచండి. 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు ఎవరెవరో ఆన్‌లైన్ క్లాసుల్లోకి దూరి పిల్లల ముందు చేసిన వెకిలి పనులు అప్పుడే మర్చిపోకూడదు. కెమెరా ఆన్ చెయ్యమని ఎవర్నీ బలవంతపెట్టొద్దు. ఒకటే గది ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో క్లాసంతా చూడక్కర్లేదు.

టైం టేబుల్ దగ్గర కాస్త ఆగు. నువ్వు క్లాసుల వారీగా వేశావు. ఇళ్ల వారీగా వెయ్యాలి. మన కతోలిక బడుల్లో ఒక ఇంటి నుంచి ఇద్దరు ముగ్గురు వస్తారు, అక్క పదిలో, తమ్ముడు ఆరులో, చిన్నది రెండులో. ఇంట్లో ఫోన్ ఒక్కటి. ముగ్గురికీ పదిగంటలకే క్లాసు పెడితే అక్కకే దొరుకుతుంది, చిన్నదానికి ఎప్పటికీ దొరకదు. అడ్మిషన్ రిజిస్టర్ ముందేసుకుని ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలు, ఎన్ని ఫోన్లు, ఆ ఫోన్ ఏ వేళలో ఇంట్లో ఉంటుంది అని రాయించు. విసుగు పని. అయినా ఏ యాప్ కొనాలా అని మీటింగులు పెట్టేకన్నా ముందు చెయ్యాల్సింది ఇదే.

ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నీ ప్లాన్‌లో 'రోజూ సాయంత్రం హాజరు కాని విద్యార్థుల జాబితా క్లాస్ గ్రూపులో పెట్టబడును' అని ఒక లైను ఉంది. అది చదివాకే కాగితం కలం తీశాను.

యునెస్కో లెక్క ప్రకారం 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో సుమారు 150 కోట్ల మంది చదువుకునేవాళ్లు బడులకీ కాలేజీలకీ దూరమయ్యారు. అప్పటికి నేనింకా టీచరుగా సర్వీసులో ఉన్నాను. ఆన్‌లైన్ క్లాసులు మొదలైన కొత్తలో హాజరు బాగా తక్కువగా ఉండేది. అప్పుడు పై నుంచి ఒక ఆర్డర్ వచ్చింది. క్లాసుకు రానివాళ్ల పేర్లు రోజూ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, తల్లిదండ్రులకు సిగ్గేస్తే పిల్లల్ని కూర్చోబెడతారు, అని. పేర్లు ఎర్ర రంగులో వచ్చేవి. మొదటి వారం హాజరు పెరిగింది. మీటింగులో చప్పట్లు కూడా కొట్టుకున్నారు.

ఆరో తరగతి పిల్లాడొకడి పేరు రోజూ ఆ లిస్టులో ఉండేది. వాళ్ల నాన్న పొద్దున్నే పనికి పోతూ ఫోన్ జేబులో పెట్టుకుపోయేవాడు. రాత్రి ఆయన ఇంటికొచ్చాక పిల్లాడు గ్రూపులో వచ్చిన నోట్సంతా తెరిచి పుస్తకంలోకి ఎక్కించుకునేవాడట. లెక్కలు చేసేవాడట. ఇది బడిలో ఎవరికీ తెలీదు. బడికి తెలిసింది పొద్దున క్లాసుకు రాలేదనే.

అదే గ్రూపులో వాళ్ల చుట్టాలున్నారు. జపమాల సభలో ఆ తల్లితో పాటు కూర్చునే ఆడవాళ్లున్నారు. మన బడుల్లో ఇదే చిక్కు తల్లీ. క్లాస్ గ్రూపులో ఉన్నవాళ్లే ఆదివారం గుడిలోనూ ఉంటారు. తరగతి గదిలో టీచర్ ఒకణ్ని లేపి తిడితే ఆ మాట నాలుగు గోడల మధ్య ఉంటుంది, లంచ్ బెల్లు కొట్టేసరికి పిల్లలే మర్చిపోతారు. గ్రూపులో పెట్టిన పేరు అలా పోదు. మేనమామ చూస్తాడు, పక్కింటావిడ చూస్తుంది, చూడనివాళ్లకు ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తారు.

ఒకరోజు ఆ తల్లి గ్రూపులోంచి వెళ్లిపోయింది. 'లెఫ్ట్' అని చిన్న అక్షరాల్లో ఒక లైను వచ్చి ఉంటుంది, గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడి పైకి వెళ్లిపోయింది. ఎవరూ గమనించలేదు. గ్రూపులో లేని వాళ్లకు లిస్టు ఎందుకని ఆ పేరు రాయడం కూడా మానేశారు. చూడు ఎంత చక్కగా ఉందో, గైర్హాజరు తగ్గింది!

బడి తెరిచాక పిల్లాడు రాలేదు. వేరే బడిలో చేర్చారని తెలిసింది. చాలా రోజులకు ఆమె గుడి వరండాలో నాకు కనిపించింది. పొద్దున పూజకు వచ్చే మనిషి, అందరి ముఖాలూ చూడలేక సాయంత్రం పూజకు మారిందట. పలకరిస్తే ముందు తల తిప్పుకుంది, తర్వాత కూర్చోబెట్టి అంతా చెప్పింది. పిల్లాడు బాగానే చదువుతున్నాడంది. 'ఆ నోట్సు నాలుగు పుస్తకాల నిండా ఉంది టీచర్‌గారూ, ఒక్కరు అడిగినా చూపించేవాళ్లం' అంది. నాకు నోట మాట రాలేదు.

ఆ లైను కొట్టెయ్. పేర్లు గ్రూపులోకి రాకూడదు, ఫీజు బాకీ ఉన్నవాళ్లవైతే అసలే రాకూడదు. రెండు రోజులు ఒక పిల్ల జాడ లేకపోతే మూడో రోజు టీచర్ ఇంటికి ఫోన్ చెయ్యాలి. 'ఎందుకు రాలేదు' అని మొదలుపెట్టొద్దని చెప్పు. 'ఎలా ఉన్నారమ్మా' అని అడిగితే మిగతాది వాళ్లే చెబుతారు. గ్రూపులోంచి ఎవరైనా తప్పుకుంటే ఆ రోజే నీకు తెలియాలి. రాత్రి రాసి పంపిన నోట్సుకు కూడా హాజరు వెయ్యండి. పాఠం అందిందా లేదా అన్నదే కదా మనకు కావాల్సింది.

ఫోన్ అన్నాను కాబట్టి ఒక కట్టుబాటు. టీచర్ మాట్లాడాల్సింది తల్లిదండ్రులతో. పిల్లతో మాట్లాడాల్సి వస్తే పెద్దవాళ్లు పక్కన ఉండాలి, ఫోన్ స్పీకర్‌లో ఉండాలి. పిల్లా టీచరూ ఇద్దరే ఉండే వీడియో కాల్ వద్దు, ఎంత మంచి టీచరైనా సరే, ఫాదర్‌గారైనా సరే. 'మన వాళ్లను మనమే అనుమానిస్తే ఎలా' అని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీ. నమ్మకం పేరుతో మన సభలో పిల్లల మీద ఎన్ని లైంగిక దౌర్జన్యాలు జరిగాయో, అప్పటి జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు 2019లో దాని మీద ప్రత్యేకంగా చట్టమే ఎందుకు తేవాల్సి వచ్చిందో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ప్రార్థన. అసెంబ్లీలో అందరూ కలిసి పరలోక జపం చెప్పాలని రాశావు. అది కుదరదు. ఒక్కొక్కరి నెట్ ఒక్కో వేగంతో వస్తుంది, పైగా యాప్ గట్టిగా వినిపించిన గొంతునే పట్టుకుని మిగతావి నొక్కేస్తుంది. మేం మొదటిసారి అందరం మైకులు తెరిచి మంగళవార్త జపం చెప్పినప్పుడు, చివరి ఆమెన్ అందరి దగ్గర్నుంచీ వచ్చేసరికి అరనిమిషం పట్టింది. ఒకటో తరగతి పిల్లలు నవ్వాపుకోలేకపోయారు, నాకూ ఆగలేదు. తర్వాత పద్ధతి మార్చాం. రోజుకొక ఇల్లు. ఆ ఇంట్లోవాళ్లు ప్రార్థన నడిపిస్తే మిగతావాళ్లు మైకు ఆపుకుని ఇంట్లోనే జవాబు చెప్పేవాళ్లు. ఎప్పుడూ బడి గడప తొక్కని నాన్నలు, తాతలు కనిపించింది అప్పుడే. ఒక తాతగారు త్రికాల జపం కళ్లు మూసుకుని పాత రాగంలో చెబుతుంటే మా సిస్టర్లు కూడా కదలకుండా విన్నారు. హిందువుల, ముస్లింల పిల్లలు మీ బడిలో సగానికి పైనే ఉంటారనుకుంటా. వాళ్ల ఇంటి వంతు వస్తే వాళ్లకు నచ్చిన నీతివాక్యమో పాటో చెప్పనివ్వు.

మొదటిసారి సత్ప్రసాదం తీసుకోబోయే పిల్లల గురించి తొందరపడొద్దు. జ్ఞానోపదేశం స్క్రీన్ మీద చెప్పొచ్చు, సంస్కారం ఇవ్వలేం. ఇంటర్నెట్లో దివ్యసంస్కారాలు ఉండవని వాటికన్ 2002లోనే రాసి పెట్టింది, గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికీ అదే నియమం. కదల్లేని జబ్బుమనుషులున్న ఇళ్లకు మాత్రం ప్రసారమయ్యే పూజ పెద్ద ఊరట. 2020 మార్చి నుంచి మే దాకా ఫ్రాన్సిస్ పాపుగారు వాటికన్‌లోని సాంతా మార్తా చాపెల్‌లో చేసిన పొద్దున పూజ రోజూ ప్రసారమయ్యేది. ఆధ్యాత్మికంగా సత్ప్రసాదం స్వీకరించే ప్రార్థన ఆయనతో పాటు చెప్పుకుంటూ మా అత్తగారు మంచంలోనే చేతులు జోడించేవారు. మీకైతే గుడి తెరిచే ఉంది. బడి మూసిన మాత్రాన పిల్లల్ని ఆదివారం కూడా స్క్రీన్‌కు అప్పగించకు.

పేదపిల్లల కోసం బడులు నడిపిన పునీత జాన్ బోస్కో 1884లో రోము నుంచి తన వాళ్లకు రాసిన ఉత్తరం నీకు సిస్టర్ల శిక్షణలో, నవీషియేట్‌లో చెప్పే ఉంటారు. పిల్లల్ని ప్రేమిస్తే చాలదు, ప్రేమిస్తున్నారని వాళ్లకు తెలియాలి అన్నది అందులోదే. ఆయన బాధంతా ఆటస్థలం గురించి. ఆటవేళ పెద్దవాళ్లు పిల్లల మధ్య లేకుండా పోయారని. మీకిప్పుడు ఆటస్థలమే లేదు. కాబట్టి క్లాసుకు పది నిమిషాల ముందే ఆన్‌లైన్ గది తెరిచి పెట్టమను. పాఠం వద్దు, టీచర్ ఊరికే ఉండాలి. పిల్లలు కుక్కపిల్లను చూపిస్తారు, ఊడిన పన్ను చూపిస్తారు. ఎవరు దిగులుగా ఉన్నారో టీచరుకు తెలిసేది ఆ పది నిమిషాల్లోనే.

టీచర్ల సంగతి నీ ప్లాన్‌లో ఒక్క పేరా కూడా లేదు. వాళ్లకూ ఇంట్లో పిల్లలున్నారు, అదే ఒక్క ఫోన్ ఉంది. డేటా ఖర్చు బడి భరించాలి. సాయంత్రం ఒక వేళ దాటాక పేరెంట్స్ ఫోన్లు ఎత్తక్కర్లేదని నువ్వే సర్క్యులర్ ఇవ్వు, లేకపోతే రాత్రి పదకొండుకు హోంవర్క్ డౌట్లు వస్తాయి. ఆయాలను, వాచ్‌మన్‌ను, వ్యాన్ డ్రైవర్లను పని లేదని పంపెయ్యకు. నెట్ లేని ఇళ్లకు వర్క్‌షీట్లు చేర్చేది, రాసినవి వెనక్కి తెచ్చేది వాళ్లే. ఏ పిల్ల ఏ సందులో ఉంటుందో వ్యాన్ డ్రైవరుకు తెలిసినంత నీకు తెలీదు.

ఇక నువ్వు. రాత్రి రెండింటి దాకా ల్యాప్‌టాప్ ముందే ఉంటున్నావని మీ అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. మదర్‌గారికి ఫోన్ చేసి చెప్పేస్తానని బెదిరిస్తున్నా, నిజంగానే చేస్తాను. తినే వేళకు తిను.

సోమవారమే అన్నీ మొదలుపెట్టకు. ఈ వారం టీచర్లతో రిహార్సల్ క్లాసులు పెట్టించు. ఎదురుగా కూర్చోడానికి స్టూడెంట్ కావాలి కదా, నాకు లింకు పంపు. ఏ బటన్ ఎక్కడుందో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. టీచర్ చెప్పింది నాకు వినిపించి, నేను రాసింది టీచరుకు చేరిందంటే మీ రెండో తరగతి పిల్లల అమ్మమ్మలకూ చేతనవుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత అయితే ఖాళీ.

మీ పెద్దమ్మ