28 గిగాహెర్ట్జ్ బట్లర్ మ్యాట్రిక్స్: 45 డిగ్రీల లైన్ పొడవు ఎంత పెట్టాలి?

తమ్మీ, నీ ప్రశ్న ఇది: హన్మకొండలో ఎం.టెక్. ప్రాజెక్టు, 4×4 బట్లర్ మ్యాట్రిక్స్ (యాంటెన్నా బీమ్‌ను, అంటే తరంగాల పుంజాన్ని, నాలుగు స్థిర దిశల్లోకి పంపే సర్క్యూట్), హైబ్రిడ్లు (సిగ్నల్‌ను 90 డిగ్రీల ఫేజ్ తేడాతో రెండు సమభాగాలు చేసేవి) విడివిడిగా బాగున్నాయి, అన్నీ కలిపితే బీమ్‌లు తప్పు కోణాల్లో వస్తున్నాయి. ఫేజ్‌ను 45 డిగ్రీలు ఆలస్యం చేసే లైన్‌కు తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతు పొడవు ఇచ్చావు. తప్పు అక్కడే ఉంది.

ఆ 45 డిగ్రీలను పక్కనున్న క్రాసోవర్‌తో, అంటే రెండు సిగ్నళ్లు కలవకుండా దాటుకునే చోటుతో, పోల్చి లెక్కపెట్టాలి. రెండు హైబ్రిడ్లను వరసగా కలిపి చేసిన క్రాసోవర్ సిగ్నల్‌ను 270 డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. కాబట్టి బయటి లైన్ ఆలస్యం 270కి 45 కలిపి 315 డిగ్రీలు ఉండాలి. రెండో క్రాసోవర్ పక్కన పుస్తకాల్లో ‘0 డిగ్రీలు’ అని ఉంటుంది. దాన్ని చూసి చాలామంది అక్కడ నేరుగా లైన్ గీసేస్తారు. అక్కడా 270 డిగ్రీలు కావాల్సిందే.

డ్యూరాయిడ్ 5880 (అధిక ఫ్రీక్వెన్సీ బోర్డు పదార్థం), 0.254 మి.మీ. మందం మీద 50 ఓమ్‌ల లైన్ వెడల్పు 0.78 మి.మీ., లైన్‌లో తరంగదైర్ఘ్యం సుమారు 7.83 మి.మీ. అంటే 315 డిగ్రీలకు 6.85 మి.మీ., 270కి 5.87 మి.మీ. క్రాసోవర్ పొడవేమో 3.9 మి.మీ. మాత్రమే. అందుకే బయటి లైన్లను మెలికలు తిప్పాలి. మెలికల మధ్య కనీసం 0.75 మి.మీ. ఖాళీ వదులు, లేకపోతే ఒకదాని సిగ్నల్ ఇంకోదానిలోకి చేరి (కప్లింగ్) ఫేజ్ మారుతుంది. 0.1 మి.మీ. తేడా వస్తే 4.6 డిగ్రీలు పోయినట్టే. పక్కపక్క పోర్టుల మధ్య ఫేజ్ తేడా ప్రతి చోటా 10 డిగ్రీలు తప్పితే లోపలి బీమ్ (14.5 డిగ్రీలది) 3 డిగ్రీలు జరుగుతుంది.

ఇంకో చిక్కు హైబ్రిడ్‌లోనే ఉంది. దాని చేయి పొడవు 1.96 మి.మీ., అందులో 35 ఓమ్‌ల చేయి వెడల్పు 1.28 మి.మీ. మధ్యలో మిగిలే రంధ్రం 1.18 × 0.68 మి.మీ. మాత్రమే. చేతుల కన్నా మూలలే ఎక్కువ ఉన్నచోట ఫార్ములా పనిచేయదు. నేనైతే 0.127 మి.మీ. మందం తీసుకుంటాను: పొడవులు దాదాపు అవే ఉంటాయి, వెడల్పులు సగమవుతాయి. రాగిలో నష్టం పెరుగుతుంది, బోర్డు వంగుతుంది కాబట్టి వెనక లోహపు పలక బిగించాలి. అయినా అదే మేలు.

ఎఫ్‌ఆర్-4 (మామూలు సర్క్యూట్ బోర్డు పదార్థం) మాత్రం వద్దు. అందులో పదార్థం వల్లే సెంటీమీటరుకు సుమారు ఒక డెసిబెల్ పోతుంది. 5880లో అది 0.03 డెసిబెల్ దగ్గర ఉంటుంది.

లైన్లు సరిచేశాక ప్యాచ్‌లు (బోర్డు మీది చదునైన యాంటెన్నాలు) తీసేసి, నాలుగు అవుట్‌పుట్ల ఫేజ్ మాత్రమే చూడు. పక్కపక్క పోర్టుల మధ్య తేడా ఒక్కో ఇన్‌పుట్‌కు +45, −45, +135, −135 డిగ్రీలు రావాలి. ప్యాచ్‌ల దూరం అర తరంగదైర్ఘ్యం, అంటే 5.35 మి.మీ. ఉంటే బీమ్‌లు 14.5, 48.6 డిగ్రీల దగ్గర వస్తాయి. బయటి బీమ్ 48.6కు బదులు కొంచెం లోపలికి వస్తే కంగారుపడకు, ప్యాచ్ ఎదురుగా కన్నా పక్క కోణాల్లోకి తక్కువ ప్రసారం చేస్తుంది కాబట్టి అలా జరుగుతుంది.

కొలతకు మామూలు ఎస్‌ఎమ్‌ఏ కనెక్టర్లు సరిపోవు, 2.92 మి.మీ. రకం కావాలి. అవి 5.35 మి.మీ. దూరంలో పక్కపక్కన పట్టవు, అందుకే లైన్లను విడదీసి బయటికి తీసుకురా, నాలుగింటి పొడవూ సమానంగా ఉంచు. కొలవని పోర్టులన్నిటికీ 50 ఓమ్‌ల లోడ్ పెట్టు, ఇది మర్చిపోతే గ్రాఫ్ అలల్లా ఊగుతుంది.

ఒక మాట మీ గైడ్‌ను అడుగు: మన దేశంలో 2022లో వేలం వేసిన బ్యాండ్ 24.25 నుంచి 27.5 గిగాహెర్ట్జ్. 26కి మార్చితే ప్రాజెక్టుకు ఇక్కడ ఉపయోగం ఎక్కువ.

బోర్డు తయారీకి హైదరాబాద్ పంపేటప్పుడు అదే ప్యానెల్ మీద ఒక విడి హైబ్రిడ్, ఒక విడి క్రాసోవర్, కాలిబ్రేషన్ కోసం రెండు వేర్వేరు పొడవుల లైన్లు కూడా గీయించు. ఫలితం తేడా వస్తే ఏ భాగం తప్పిందో వాటితోనే తెలుస్తుంది.